మీటరు దాటాక పూచీ ఎవరిది?

ఇంట్లో ట్యూబులైటు వెలగకపోతే ఆ సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ వెళుతుంది. అదే రెండో అంతస్తు మెట్ల దగ్గర బల్బు మాడిపోతే..? ఆర్నెల్లయినా అలాగే ఉంటుంది. రోజూ ఆ మెట్లెక్కేవాళ్లు ఇరవైమంది. ఇరవైమందీ చూస్తారు. 'ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే' అనుకుని తాళం తీసుకుని లోపలికి వెళ్లిపోతారు. ఆ ఎవరో ఒకరు మాత్రం ఎప్పటికీ రారు.

బల్బయితే ఫర్వాలేదు. కాస్త చూసుకుని నడిస్తే సరిపోతుంది. కానీ అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో అందరిదీ అయిన కరెంటు సామాను బల్బుతో ఆగదు. సెల్లార్‌లో మెయిన్ ప్యానెల్. దాని పక్కన వరసగా మీటర్లు. బోరు మోటారు, సంపులోంచి ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు. లిఫ్టు, జనరేటర్, ఫైర్ పంపు. గేటు దీపాలు, పార్కింగ్ లైట్లు, సీసీ కెమెరాలు. నేలలో కనపడకుండా ఉండే ఎర్తింగ్ గుంతలు. కొత్తగా డాబా మీద సోలార్ పలకలూ, కింద కార్లకి ఛార్జింగ్ పాయింట్లూ. వీటిలో ఏదీ ఏ ఒక్కరిదీ కాదు. అలాగని ఎవరిదీ కాకుండానూ పోదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు కొన్న ప్రతివారికీ ఉమ్మడి భాగాల్లో, సదుపాయాల్లో విడదీయడానికి వీల్లేని వాటా ఉంటుంది. అంటే, సెల్లార్‌లో ఆ తుప్పు పట్టిన ప్యానెల్ డబ్బాలో కూడా మనకో ముక్క ఉందన్నమాట!

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. గొర్రె అయితే చచ్చి ఊరుకుంటుంది. కరెంటు అలా కాదు... పట్టించుకోకపోతే మనుషుల్ని తీసుకుపోతుంది.

తాళాల గుత్తి, ఓ పాత ఫైలు

హైదరాబాద్ శివార్లలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి. కట్టి పదిహేనేళ్లయింది. రెండేళ్లకోసారి సెక్రటరీని ఎన్నుకోవాలి. ఎన్నుకోవడం అన్నది మాట వరసకే. ఎవరు తల వంచుకుని ఫోన్ చూసుకోకుండా కూర్చున్నారో వాళ్లకే ఆ పదవి. అలా ఓసారి ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి మెడకు పడింది. 'బ్యాంకులో ముప్పై ఏళ్లు తాళాలు మోసింది చాల్లేదా? ఇప్పుడు మళ్లీ ఇదొకటా?' అంది ఆయన భార్య. ఆమె అన్నట్టే చేతికి వచ్చింది ఓ తాళాల గుత్తి. దానితోపాటు ఓ పాత ఫైలు. అందులో లిఫ్టు కంపెనీ రసీదులు, నీళ్ల ట్యాంకర్ బిల్లులు, గేటుకి వేయించిన స్టీలు అక్షరాల కొటేషన్. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఎర్తింగ్ గుంతలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. 'బిల్డర్‌కి తెలుసు' అన్నారు ఒకరు. బిల్డర్ ఆ తర్వాత ఇంకో పది అపార్ట్‌మెంట్లు కట్టాడు. ఆయనకెక్కడ గుర్తుంటుంది!

బ్యాంకులో ఉద్యోగి మారితే ప్రతి తాళం, ప్రతి కాగితం లెక్క చూసి సంతకం పెట్టి అప్పగించాలి. ఇక్కడ వందమంది బతికే భవనాన్ని అప్పగించడానికి ఓ రసీదు కూడా లేదు. ఆయనకి నవ్వూ వచ్చింది, కాస్త భయమూ వేసింది.

మన ఊళ్లలో పూర్వం ఇలా ఉండేది కాదు. చెరువు ఊరందరిదీ. కానీ తూము మాత్రం ఒకరి చేతిలోనే. తెలంగాణలో నీరటి అనేవారు, రాయలసీమలో నీరుగంటి. ఏ పొలానికి ఎంత నీరు వదలాలో, కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో చూడటం అతని పని. అందుకు ఊరంతా పంట ఇంటికొచ్చాక ధాన్యం కొలిచి ఇచ్చేది. చెరువు మీద హక్కు అందరిదే అయినా జవాబుదారీ మాత్రం ఒకరిదే. ఊళ్లు వదిలి పట్నం వచ్చి అపార్ట్‌మెంట్లలో చేరిన మనం చెరువుని వదిలేసినట్టే నీరటినీ వదిలేశాం.

గేటు పక్కన కర్ర

ఆ ఏడాది జులైలో ముసురు పట్టింది. ఓ పొద్దున సెక్రటరీ గారు గేటు తీయబోతుంటే వాచ్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చింది. 'ముట్టుకోకుండ్రి సార్! వాన పడితే గేటు జివ్వుమంటది' అంటూ గోడకి ఆనించిన కర్రతో గడియ నెట్టింది. ఎప్పట్నుంచి అని అడిగితే పోయినేడు వానల నుంచీ అంది. అప్పటి సెక్రటరీకి చెప్పారట. ఎవరో వచ్చి ఏదో టేపు చుట్టి వెళ్లారట. ఎండాకాలం రాగానే అంతా మామూలే. మళ్లీ వానలు, మళ్లీ కర్ర.

వాళ్లది పాలమూరు వైపు పల్లె. సెల్లార్‌లో మెయిన్ ప్యానెల్ పక్కనున్న గదిలోనే కాపురం. ఇద్దరు పిల్లలు. పెద్దది నాలుగో తరగతి. స్కూలు బ్యాగు వేసుకుని రోజూ ఆ గేటులోంచే వెళుతుంది. ఆ పిల్లకి తల్లి నేర్పిన మొదటి పాఠం... 'వానొస్తే గేటు ముట్టకు.' ఫ్లాట్లలో ఉండేవాళ్లకి ఈ సంగతి తెలియకపోవడానికి కారణం ఒకటే. వాళ్లు కార్లలో, స్కూటర్ల మీద వస్తారు. హారన్ కొడితే గేటు తెరుచుకుంటుంది. ఆ ఇనుము మీద చెయ్యి వేసేది వాచ్‌మన్ కుటుంబమే.

సెక్రటరీ గారు వెంటనే 1912కి ఫోన్ చేశారు. లైన్‌మన్ వచ్చాడు, టెస్టర్ పెట్టి చూశాడు. ముందుగా గేటు దీపాలకి వెళ్లే లైను ఆపేశాడు. ఆ తర్వాత చెప్పాడు... 'ఇది మీటరు దాటాక ఉంది సార్. మా పని మీటరు దాకే. మీరే మంచి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.' తప్పించుకోవడానికి అన్నమాట కాదది. నిజంగానే హద్దు అక్కడే ఉంది.

హద్దు ఎక్కడ?

విద్యుత్ స్తంభం, రోడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి మీటరు వరకూ వచ్చే లైను... సాధారణంగా ఇవి డిస్కమ్ బాధ్యత. మీటరు, దాని సీలు కూడా వాళ్లవే. కానీ వాటిని భద్రంగా ఉంచాల్సింది మనం. ఆ లైను తెగి ఎవరైనా చనిపోతే 'మా తప్పేం లేదు' అని విద్యుత్ సంస్థ చేతులు దులుపుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో స్పష్టం చేసింది. రోడ్డు మీద తెగిపడిన తీగ తగిలి సైకిల్ మీద వెళుతున్న ఓ వ్యక్తి చనిపోయిన కేసది. ప్రమాదకరమైన సరుకు సరఫరా చేసేవారే దాని పూచీ మోయాలన్నది తీర్పు సారాంశం.

మీటరు దాటాక కథ వేరు. ఫ్లాటు మీటరు దాటితే ఆ ఫ్లాటు వాళ్లది. కామన్ మీటరు దాటితే... లిఫ్టు, మోటార్లు, గేటు దీపాలు అన్నీ అసోసియేషన్‌వే. అద్దెకుండేవారి సంగతి ఏమిటంటే, నెలనెలా మెయింటెనెన్స్ వాళ్లే కడుతుండొచ్చు, కానీ ఆస్తిలో వాటా యజమానిది. పెద్ద రిపేరు ఖర్చు యజమాని మీద పడాల్సిందే.

కొన్ని పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంకో పద్ధతి ఉంది. కాలనీ మొత్తానికి కలిపి ఒకే హైటెన్షన్ కనెక్షన్ తీసుకుంటారు. అక్కడి నుంచి లోపలి ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు, ఇంటింటి మీటర్లు అన్నీ కాలనీవే. అలాంటిచోట 11 వేల వోల్టుల పరికరాలను చూసుకోవాల్సింది కూడా నివాసుల సంఘమే. విల్లా కొనేటప్పుడు క్లబ్‌హౌసు ఎంత బాగుందో చూస్తాం. 'ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది?' అని అడిగేవాళ్లెందరు?

బిల్డర్ పూచీ ఎంతవరకో కూడా ఇప్పుడు చట్టంలో రాసి ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టడంలోగానీ, పనితనంలోగానీ, సదుపాయాల్లోగానీ లోపం కనిపించి కొనుగోలుదారు తెలియజేస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సంఘానికి అప్పగించేవరకూ అత్యవసర సేవలు నడిపించాల్సిందీ ఆయనే. అప్పగించేటప్పుడు ఉమ్మడి ప్రాంతాల ప్లాన్లు, పత్రాలు కూడా ఇవ్వాలి. కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్లు సంఘం పెట్టుకోగానే అడగాల్సింది ఆ కాగితాలే. ఏ తీగ ఎటు వెళ్లిందో చెప్పే బొమ్మ, ఎర్తింగ్ గుంతల చోటు, లిఫ్టు, జనరేటర్ల పుస్తకాలు, తనిఖీ సర్టిఫికెట్లు. మన సెక్రటరీ గారి అపార్ట్‌మెంట్‌కి అలాంటి అవకాశం లేదు. అయిదేళ్ల గడువు మాట అటుంచి, అది కట్టేనాటికి ఆ చట్టమే లేదు.

మట్టి కింద దాక్కున్న ప్రాణం

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు పూటలు వెతికాడు. గేటు స్తంభం మీది దీపానికి వెళ్లే తీగ స్తంభం లోపల ఓచోట ఒలిచిపోయి ఉంది. వాన నీరు చేరగానే కరెంటు ఇనుప చట్రంలోకి పాకుతోంది. అది సరే... మరి ఎంసీబీ ఎందుకు పడిపోలేదు? సెక్రటరీ గారికి అర్థంకానిది అదే. బోర్డు నిండా ఎంసీబీలు ఉన్నాయి కదా!

ఎలక్ట్రీషియన్ చెప్పిన లెక్క ఇదీ. ఎంసీబీ ఉన్నది తీగని కాపాడటానికి, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు ప్రవహిస్తేనే పడుతుంది. మనిషి ఒంట్లోంచి 10 మిల్లీఆంపియర్లు పోతే చాలు, పట్టుకున్న చెయ్యి వదలడం కష్టమైపోతుంది. 30 మిల్లీఆంపియర్లు దాటితే గుండెకే ముప్పు. 16 ఆంపియర్లంటే దానికి 500 రెట్లకు పైనే. అంటే, మనిషి పోయినా ఎంసీబీకి ఆ సంగతి తెలీదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోల్చి, 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చినా రెప్పపాటులో ఆపేసేది ఆర్‌సీసీబీ. ఆ అపార్ట్‌మెంట్ కామన్ బోర్డులో అది లేదు.

రెండోది ఎర్తింగ్. గుంత తవ్వి, గొట్టమో పలకో దించి, బొగ్గూ ఉప్పూ వేసి మట్టి కప్పుతారు. దారి తప్పిన కరెంటు మనిషిలోంచి కాకుండా నేలలోకి పోవడానికి అదో రహదారి. నేల తేమగా ఉంటేనే ఆ దారి బాగుంటుంది. ఎండిపోతే మూసుకుపోయినట్టే. లెక్క చూడండి... ఎర్తింగ్ నిరోధం 10 ఓములు ఉంటే 230 వోల్టుల దగ్గర 23 ఆంపియర్లు నేలలోకి దూకుతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ కాసేపటికైనా పడిపోయే అవకాశం ఉంటుంది. అదే నిరోధం 100 ఓములకి పెరిగితే పోయేది 2.3 ఆంపియర్లే. ఎంసీబీ కదలదు, గేటు కరెంటుతోనే ఉంటుంది.

మరి ఆ గుంత ఎక్కడుంది? వెతగ్గా వెతగ్గా పార్కింగ్ టైల్స్ కింద దొరికింది. నాలుగేళ్ల కిందట పార్కింగ్‌కి టైల్స్ వేయించినప్పుడు దాన్ని కూడా కప్పేశారు. అందం కోసం. అప్పట్నుంచీ దానికి చుక్క నీరు అందలేదు.

కొత్త తీగలు, రెండు ఎర్తింగ్ గుంతలు, గేటు దీపాలకీ మోటార్లకీ ఆర్‌సీసీబీలు, ప్యానెల్ శుభ్రం చేయించడం... అన్నీ కలిపి ఖర్చు 38,400 రూపాయలన్నాడు. ఫ్లాటుకి 1,600.

పదిమందిలో పాము

మీటింగ్ పెట్టారు. వచ్చింది పదకొండు మంది. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన ఎప్పటిలాగే మొదలుపెట్టారు... 'నేను లిఫ్టే ఎక్కను, ప్యానెల్‌కి నేనెందుకు కట్టాలి సార్?' పై అంతస్తు ఆయన 'బిల్డర్‌ని పట్టుకుందాం' అన్నారు. ఒకరు 'మా ఓనర్ అమెరికాలో ఉన్నారు, అడిగి చెబుతాను' అన్నారు. ఇంకొకరు 'ఇన్నాళ్లూ ఏం కాలేదుగా!' అన్నారు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు.

సెక్రటరీ గారికి ఓ విషయం గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది గేటుకి రంగు వేయించి స్టీలు అక్షరాలతో అపార్ట్‌మెంట్ పేరు పెట్టించడానికి ఫ్లాటుకి 2,500 చొప్పున 60 వేలు పోగయ్యాయి. వారంలో. ఒక్కరూ ఎందుకని అడగలేదు. రంగు కంటికి కనిపిస్తుంది. ఎర్తింగ్ కనపడదు. చూడటానికి వచ్చిన చుట్టాలెవరూ 'మీ ఎర్తింగ్ ఎంత బాగుందండీ!' అనరు. ఆయన ఆ మాట పైకి అనలేదు. అంటే గొడవ అవుతుందని తెలుసు.

మూడో అంతస్తు టీచరమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. ఉన్నట్టుండి ఆవిడ అడిగింది... 'గేటు పక్కన ఓ కర్ర ఉంటుంది కదా, అదెందుకో మీలో ఎవరికైనా తెలుసా?'

అందరికీ తెలుసనే అనుకున్నారు. కుక్కల్ని తోలడానికని ఒకరు, పాములొస్తాయని ఒకరు. రోజూ దాని పక్కనుంచే వెళుతున్నారు మరి. ఆవిడ వాచ్‌మన్ భార్యని పిలిచి చెప్పమంది. ఆమె చీర కొంగు సర్దుకుని, ఎవరి మొహం చూడకుండా చెప్పింది. 'మా బిడ్డకి కర్ర అందదు సార్. అందుకే వానొచ్చిన నాడు బడికి తోలను.'

ఆ తర్వాత ఎవరూ లిఫ్టు సంగతి ఎత్తలేదు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయనకీ ఓ మనవరాలుంది. ఆ రాత్రికే మొదటి 1,600 ఆయన దగ్గర్నుంచే వచ్చాయి. అయినా అందరూ కట్టేసరికి నెల పట్టింది. ముగ్గురికి నాలుగైదుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. ఒకాయన ఇప్పటికీ కట్టలేదు. ఆయన వాటా మిగతావాళ్లు సర్దుకున్నారు. పని మాత్రం ఆగలేదు. ఇప్పుడా కర్ర గేటు దగ్గర లేదు. ప్రహరీ వారగా వాచ్‌మన్ భార్య వేసిన చిక్కుడు పాదుకి ఊతంగా ఉంది.

జనరేటర్ పెట్టే ముప్పు

ఓ తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఎలక్ట్రీషియన్ ఉన్న రెండు రోజుల్లో ఇంకా చాలా బయటపడ్డాయి. మీటర్ల కింద పాత పేపర్లు, ఎవరిదో విరిగిన సైకిలు, అట్టపెట్టెలు. ఓ నిప్పురవ్వ చాలు. మెట్లు ఒక్కటే దారి, ఆ దారి మొదట్లోనే మీటర్లు. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పరు. ఓ ఆదివారం గడువు పెట్టి, మిగిలినవి పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. రెండు ఇళ్లవాళ్లు వారం రోజులు మాట్లాడలేదు.

అన్నిటికన్నా భయపెట్టింది జనరేటర్. ఛేంజోవర్ స్విచ్ పాడైతే ఎవరో తీగని నేరుగా కలిపారు. కరెంటు పోయినప్పుడు మెయిన్ ఆపేసి జనరేటర్ వేయాలని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచారు. ఏ ఒక్క రాత్రి నిద్రమత్తులో మెయిన్ ఆపడం మరిచిపోతే..? జనరేటర్ కరెంటు ఎదురు నడిచి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళుతుంది. 11 వేల వోల్టుల్ని మనకోసం తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి నడిస్తే మన కరెంటునే 11 వేల వోల్టులకి పెంచేస్తుంది. లైను ఆపేశామన్న ధీమాతో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి అది తెలీదు. మన సెల్లార్‌లో జరిగిన పొరపాటుకి రెండు వీధుల అవతల ఓ కుటుంబం దిక్కులేనిదవుతుంది. అందుకే రెండూ ఒకేసారి కలవడానికి వీల్లేని ఛేంజోవర్ తప్పనిసరి. అది విలాసం కాదు. విద్యుత్ ప్రమాదం జరిగితే 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ ఉంటుంది. అప్పుడు మాత్రం 'అందరిదీ' అంటే కుదరదు. సెక్రటరీ ఎవరు, ప్రెసిడెంట్ ఎవరు అని పేరుపేరునా అడుగుతారు.

పెరుగుతున్న బరువు

పదిహేనేళ్ల కిందట ఫ్లాటుకో ఏసీ ఉంటే గొప్ప. ఇప్పుడు గదికొకటి. ఇండక్షన్ పొయ్యి, గీజర్లు, వాషింగ్ మెషిన్లు. కేబుళ్లు మాత్రం అప్పటివే. ఇప్పుడు వాటికి కరెంటు కార్లు, స్కూటర్లు తోడయ్యాయి. మన అపార్ట్‌మెంట్‌లోనే ఓ కుర్రాడు రెండో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు దించి స్కూటర్ ఛార్జ్ చేసుకునేవాడు. 'అంకుల్, నా మీటర్ నుంచే కదా!' అన్నాడు. మీటరు నీదే బాబూ, కానీ ఆ వైరు కిందనుంచి నడిచేది అందరూ!

దీనికి దారి ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్ని సవరించింది. వాహనం ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగొచ్చు. కాలనీ మొత్తానికి ఒకే కనెక్షన్ ఉండాలా, ఎవరి కనెక్షన్ వాళ్లకి విడిగా ఉండాలా అన్నదీ నివాసులే ఎంచుకోవచ్చు. అందుకు డిస్కమ్ పారదర్శకంగా ఓటింగ్ జరపాలి. డిస్కమ్ కరెంటు, జనరేటర్ కరెంటు, కామన్ ఏరియా వాడకం వేర్వేరుగా లెక్కించాలి. 'జనరేటర్ బిల్లు ఇంతెందుకొచ్చింది?' అన్న నెలనెలా గొడవకి అదో మందు.

సోలార్ విషయానికొస్తే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో నివాసుల సంఘాలకి కూడా చోటిచ్చారు. కామన్ సదుపాయాల కోసం, వాహనాల ఛార్జింగ్ కోసం కిలోవాట్‌కి 18 వేల రూపాయల సబ్సిడీ, 500 కిలోవాట్ల వరకూ. బాగుంది. కానీ పలకలు పెట్టించే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది... రేపు వాటిని తుడిచేదెవరు? ఇన్వర్టర్ చెడితే పిలిచేదెవరు? అది తేల్చకుండా కొత్త సామాను తేవడమంటే ఎవరూ చూడని వస్తువు ఇంకోటి చేర్చుకోవడమే.

ఒక పుస్తకం, 24 పేర్లు

సెక్రటరీ గారు తర్వాత చేసింది చాలా చిన్న పని. ఓ రిజిస్టర్ కొన్నారు. మొదటి పేజీలో కామన్ కరెంటు సామాను జాబితా. ఒక్కోదాని ఎదురుగా మూడు గడులు... చివరిసారి ఎప్పుడు చూశారు, మళ్లీ ఎప్పుడు చూడాలి, పూచీ ఎవరిది. మూడో గడిలో మొదట అన్నిటికీ 'అసోసియేషన్' అని రాశారు. మర్నాడు ఆయనే కొట్టేశారు. అసోసియేషన్ అంటే మళ్లీ ఎవరో ఒకరనేగా! దాని బదులు ఫ్లాటు నంబర్లు వేశారు. రిపేరు చేయడం ఎలక్ట్రీషియన్ పని. చూసి చెప్పడం మాత్రం ఆ ఫ్లాటు వాళ్ల పని. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంతల్లో నీళ్లు పోయించడం గ్రౌండ్ ఫ్లోర్ ఆయన తీసుకున్నారు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడటం టీచరమ్మది. లిఫ్టు వార్షిక ఒప్పందం తేదీలు స్కూటర్ కుర్రాడివి. ప్యానెల్ గది తాళం ఒకటి సెక్రటరీ దగ్గర, ఇంకోటి గాజు పెట్టెలో.

అన్నీ సవ్యంగా జరుగుతున్నాయనేం కాదు. రెండు నెలలు టెస్ట్ గడి ఖాళీగానే ఉంది. కానీ ఇప్పుడు ఖాళీ అని తెలుస్తోంది. మునుపు అదీ తెలిసేది కాదు.

మీరూ చూసుకోండి

* గేటు, లిఫ్టు తలుపు, మోటారు ఎక్కడైనా కాస్త 'జివ్వు'మన్నా సరే, ఆ లైను వెంటనే ఆపించండి. వాన తగ్గాక చూద్దామనుకోవద్దు.
* గేటు దీపాలు, తోట లైట్లు, మోటార్లకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కించండి.
* వానలకి ముందు ఎర్తింగ్ నిరోధం కొలిపించి రిజిస్టర్‌లో రాయించండి. గుంతల మీద టైల్స్ వేయొద్దు.
* మీటర్ల దగ్గర, ప్యానెల్ గదిలో సామాన్లు ఉండకూడదు. సెల్లార్‌లోకి నీళ్లొస్తే ప్యానెల్ మునగకుండా ఎత్తులో ఉండాలి.
* జనరేటర్‌కి సరైన ఛేంజోవర్ ఉండాలి. పొగ బయటికి పోవాలి.
* చవితి పందిరికో, పెళ్లికో కామన్ ప్యానెల్ నుంచి కరెంటు తీయాలంటే ఎలక్ట్రీషియనే తీయాలి. మేకుకి తగిలించిన తీగలు వద్దు.
* ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకి బంతి పోయినా పిల్లల్ని వెళ్లనివ్వొద్దు. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, బయటి తీగల సమస్య అయితే 1912కి చెప్పండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. అందుకు పైసా ఖర్చు లేదు. ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక ఓ పది నిమిషాలు కిందికి దిగండి. మీ అపార్ట్‌మెంట్ ప్యానెల్ గది ఎక్కడుందో చూడండి. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. ఆ పక్కనే కాపురముంటున్న వాచ్‌మన్ భార్యని ఓ మాట అడగండి... 'వానొస్తే ఎక్కడైనా షాక్ కొడుతోందా అమ్మా?' అని. ఆమెకి తెలిసే ఉంటుంది. ఇన్నాళ్లూ మనం అడగలేదంతే!